కాఫీ మిషన్ల పాల పైపులు కడగడం గురించి ఓరుగల్లు దుకాణదారులకు బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లోని కాఫీ దుకాణాలు, బేకరీలు, హోటళ్ల యజమానులకు, ఫంక్షన్ హాళ్లలో కాఫీ కౌంటర్లు నడిపే క్యాటరింగ్ వారికి నమస్కారాలతో రాస్తున్న లేఖ.

విషయం: పాలు నురుగు కొట్టే పైపులు, నాజిళ్లు, గొట్టాల శుభ్రత.

అయ్యా,

నేను హన్మకొండలో ఉంటూ పద్దెనిమిదేళ్లుగా కాఫీ మిషన్లు బాగుచేస్తున్న మెకానిక్‌ను. నర్సంపేట, పరకాల, జనగామ, అవసరమైతే కరీంనగర్ దాకా, ఎవరు పిలిచినా సంచి భుజాన వేసుకొని పోతాను. నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో మన దగ్గర ఆవిరితో పాలు నురుగు కొట్టే మిషన్ చూడాలంటే పెళ్లికి పోవలసిందే. ఇప్పుడు నక్కలగుట్ట నుంచి సుబేదారి దాకా నడిస్తే దారి పొడవునా కాపుచినో దొరుకుతుంది. నిట్ విద్యార్థులు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చి రాత్రంతా మేలుకొని ఉండేవారు రోజూ ఈ కాఫీలే తాగుతున్నారు. మన ఊళ్లో ఈ వ్యాపారం పెరిగినందుకు నాకు సంతోషమే, నా ఇల్లు గడిచేది కూడా దాని మీదనే. అయితే మిషన్లు పెరిగినంతగా వాటిని కడిగే అలవాటు పెరగలేదు. ఈ మాట మీలో చాలామందికి విడివిడిగా చెప్పి చూశాను. ఇద్దరు ముగ్గురు విన్నారు, మిగిలినవారు "సరే, చూద్దాం" అన్నారు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, వివరంగా రాస్తున్నాను.

పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం మన పట్టణంలోని ఒక దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, పాలు వేడైతున్నయి గాని నురుగు వస్తలేదు. బాయిలర్ పోయినట్టుంది" అన్నాడు యజమాని. వెళ్లి చూస్తే బాయిలర్ ఒత్తిడిని చూపే మీటరు ముల్లు ఉండవలసిన చోటే, ఒకటికీ ఒకటిన్నర బార్‌కూ మధ్య నిలబడి ఉంది. పాలలో ముంచే స్టీమ్ పైపు మాత్రం సగం పొడవు దాకా గోధుమ రంగు పెంకు కట్టి ఉంది. కొసన ఉండే నాజిల్‌ను విప్పి, తెల్ల కాగితం మీద పెట్టి, పిన్నుతో రంధ్రాలు పొడిచాను. నాలుగింట్లో మూడు పూర్తిగా పూడుకుపోయి ఉన్నాయి. లోపలి నుంచి పసుపుపచ్చటి మైనంలాంటి ముద్ద ఒకటి సన్నని పురుగులా సాగుతూ కాగితం మీదికి వచ్చింది. పాసిపోయిన పాల వాసన గుప్పున కొట్టింది. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా ఆ వాసన నా వేళ్లను వదల్లేదు. కౌంటర్ వెనుక నిలబడ్డ పిల్లవాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఆ కాగితం వంక చూసి, "ఇది లోపల ఉంటదని నాకెవ్వలు చెప్పలే అన్నా" అన్నాడు. యజమాని అడిగింది వేరు: "కొత్త పార్టుకు ఎంతైతది?"

పార్టు ఏదీ మార్చే పని లేదు. నాజిల్‌ను వేడినీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, రంధ్రాలు సాఫు చేసి తిరిగి బిగిస్తే అరగంటలో పాలు ఎప్పటిలాగే నురుగెత్తాయి. నాకు కూలీ ముట్టింది. కానీ ఆ పొద్దటి నుంచి నేను పోయేదాకా ఆ ముద్దను ఒరుసుకుంటూ వచ్చిన ఆవిరితో కాచిన పాలు ఎంతమంది తాగి ఉంటారన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆవిరి బయటికి తన్నే పైపులోకి పాలు ఎట్లా పోతాయని మీలో చాలామంది నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తుంది, ఆవిరి చల్లబడి నీరైతే అంతకంత ముడుచుకుంటుంది. మీరు పాలు కాచి వాల్వు కట్టేయగానే పైపులో మిగిలిన ఆవిరి చల్లబడి నీటిబొట్టు అవుతుంది, దాని జాగా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి కొసన ఉన్న పాలు పైకి లాక్కుపోతాయి. వేడి వేడి గిన్నె మీద బిగుతుగా పెట్టిన మూత చల్లారాక ఊడిరాకుండా అతుక్కుపోవడం మన ఇళ్లలో అందరూ చూసినదే, ఇక్కడ జరిగేదీ అదే. అందుకే పాల జగ్గు తీసిన వెంటనే వాల్వును ఒకటి రెండు సెకన్లు తిప్పి ఆవిరిని ఖాళీగా వదలాలి. లోపలికి పోయిన పాలు ఆ దెబ్బకు బయటికి వచ్చేస్తాయి. పాలలో ముంచే ముందు కూడా ఒకసారి అట్లాగే వదిలితే పైపులో నిలిచిన నీళ్లు పోతాయి, పాలు పలచబడవు. ఈ రెండుసార్లు తిప్పడానికి పట్టే కాలం మొత్తం నాలుగు సెకన్లు మించదు. ఆ నాలుగు సెకన్లను మిగుల్చుకోబోయి మీరు పోగొట్టుకుంటున్నది ఏమిటో పై కాగితం మీద చూశారు.

పైపు వెలుపలి సంగతి కూడా ఇంతే సులువైనది, ఇంతే తొందర గలది. ఒక బార్ ఒత్తిడి దగ్గర ఆవిరి వేడి సుమారు 120 డిగ్రీలు ఉంటుంది. అంత వేడి ఇనుము మీద పాలతడి నిలిస్తే క్షణాల్లో ఎండి అట్ట కడుతుంది. పాలలోని ప్రొటీన్లలో కొన్ని 70 డిగ్రీల దగ్గరనే గట్టిపడి లోహాన్ని పట్టుకుంటాయి, పాలగిన్నె అడుగంటడంలో జరిగేది అదే. తడి ఆరకముందు తడిగుడ్డతో ఒక్కసారి పైనుంచి కిందికి తుడిస్తే చాలు, మొత్తం వచ్చేస్తుంది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే గోకాలి. సాయంత్రం దాకా ఆగితే నానబెట్టాలి. వారం ఆగితే నన్ను పిలవాలి. గోకవలసి వచ్చినప్పుడు కొందరు కత్తి, స్టీలు పీచు వాడుతున్నారు. దయచేసి వద్దు. గీతలు పడిన చోట తర్వాతి పాలు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. తడిగుడ్డను పైపుకు చుట్టి, ఆవిరి కొద్దికొద్దిగా వదులుతూ నిమిషంసేపు ఉంచితే పెంకు తనంతట తానే మెత్తబడుతుంది. చెయ్యి కాలకుండా గుడ్డను నాలుగు మడతలు వేసుకోవాలి.

ఆ గుడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను పోయిన దుకాణాల్లో చాలాచోట్ల పైపు తుడిచే గుడ్డ, బల్ల తుడిచే గుడ్డ, ఒక్కోసారి చేతులు తుడుచుకునే గుడ్డ కూడా ఒకటే. పొద్దున తెల్లగా ఉన్నది మధ్యాహ్నానికి మసిగుడ్డ అవుతుంది. పాలు పీల్చుకొని, తడిగా, వెచ్చటి మిషన్ పక్కన ఎనిమిది గంటలు పడి ఉన్న గుడ్డతో తుడిస్తే పైపు శుభ్రమైనట్టా, మురికి అంటించినట్టా మీరే ఆలోచించండి. పైపు కోసం వేరే రంగు గుడ్డలు కనీసం నాలుగు పెట్టండి. రెండు మూడు గంటలకు ఒకటి మార్చేయాలి, రాత్రి వేడినీళ్లలో ఉతికి మరునాడు ఎండలో వేయాలి. మనకు ఎండకు కొదవ లేదు.

"అంత వేడి ఆవిరి పోతుంటే క్రిములు ఎట్లా బతుకుతయి?" అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. ఆవిరి పైపు మధ్యలోంచి దూసుకుపోతుంది. గోడకు పట్టిన పాల పొర దుప్పటిలాగా కింద ఉన్నదాన్ని కాపాడుతుంది. పైగా ప్యాకెట్టు పాలను డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి చల్లార్చినా చావని బీజాలు కొన్ని ఉంటాయి. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి ఆ జాతిదే. అది వేడికి ముడుచుకొని గింజలా పడి ఉంటుంది, మిషన్ ఆపేశాక గోరువెచ్చటి తడి దొరికితే మళ్లీ మొలకెత్తి పెరుగుతుంది. అది పుట్టించే విషాల్లో వాంతులు చేయించే రకం ఒకటి మరిగించినా పోదు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్న వేడిలో ఇవన్నీ పెరుగుతాయని ఆహార భద్రత పాఠాల్లో మొదటే చెబుతారు. మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. షట్టర్ వేసిన దుకాణంలో, ఆపేసిన మిషన్ పైపులో, రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా ఏమి జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు.

నా చిన్నతనంలో మా నాయినమ్మ పాలకుండను కడిగే తీరు నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఇంట్లో రెండు బర్లు ఉండేవి. దాలిలో కాగిన పాలను వేరే గిన్నెలోకి వంచుకున్న మరుక్షణమే కుండలో చల్లనీళ్లు పోసి కుదిపి పారబోసేది. ఆ తర్వాతే వేడినీళ్లు, పీచు, చివరికి బోర్లించి ఎండలో పెట్టడం. ముందే వేడినీళ్లు ఎందుకు పోయవని అడిగితే "పాలు అంటుకపోతయి రా" అనేది. పాలడెయిరీల్లో ఇప్పటికీ ఇదే వరుస: మొదట గోరువెచ్చటి నీళ్లతో పాలతడి పోగొట్టాలి, తర్వాత క్షారం కలిపిన వేడినీళ్లతో కొవ్వు, ప్రొటీన్ తీయాలి, అప్పుడప్పుడు ఆమ్లంతో మిగిలిన సున్నపు పొరను కరిగించాలి. ఆ చివరి పొరను డెయిరీ వాళ్లు మిల్క్‌స్టోన్, అంటే పాలరాయి, అంటారు. పాలలోని కాల్షియం, ఫాస్ఫేట్, ప్రొటీన్ కలిసి రాయిలా బిగుసుకున్నదది. సబ్బుకు లొంగదు. మన పక్కనే ములుకనూరులో మహిళలు సహకార పద్ధతిలో డెయిరీ నడుపుతున్నారు. పాలు అమ్మే ఊరి ఆడవాళ్లకు పాత్ర కడగడంలో ఉన్న పట్టింపు, లక్షలు పెట్టి మిషన్ కొన్న మనకు ఎందుకు ఉండకూడదు?

మీలో చాలామంది రుచి చిక్కగా ఉంటుందని ఫుల్‌క్రీమ్ పాలు వాడతారు. అది తప్పు కాదు. నురుగును నిలబెట్టేది ప్రొటీన్, నోటికి నునుపు ఇచ్చేది కొవ్వు. కానీ టోన్డ్ పాలలో 3 శాతం ఉండే కొవ్వు ఫుల్‌క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది, అంటే పైపుకు పట్టే జిడ్డు కూడా ఆ మేరకు ఎక్కువే. చిక్కటి పాలు వాడేవారు కడగడంలో మరింత జాగ్రత్త పడాలి. జగ్గులో మిగిలిన పాల మీదనే కొత్త పాలు పోసి మళ్లీ మళ్లీ కాచే అలవాటు కూడా మానండి. మొదటిసారి కాగిన పాలు నాలుగోసారికి నురుగూ కట్టవు, రుచీ ఉండవు. జగ్గు అడుగున ఏమి పేరుకుంటుందో రోజుకు ఒక్కసారైనా మీరే చెయ్యి పెట్టి చూడండి.

ఇక రాత్రి పని. దుకాణం మూసే ముందు పాల పైపులు శుభ్రం చేసే పొడిని, దొరకకపోతే మిషన్ కంపెనీ పుస్తకంలో రాసిన ద్రావణాన్ని, చెప్పిన కొలత ప్రకారం జగ్గు నీళ్లలో కలిపి, అందులో పైపు ముంచి ఆవిరి వదిలి, వాల్వు కట్టేసి కొద్ది నిమిషాలు ఉంచాలి. బయటికి తీసి తుడిచి, మంచినీళ్లలో ముంచి మళ్లీ రెండుమూడుసార్లు ఆవిరి వదలాలి. తర్వాత నాజిల్ విప్పి విడిగా నానబెట్టి, సన్న బ్రష్‌తో లోపల తోమి, రంధ్రాలను వెలుతురుకు ఎత్తి చూడాలి. ప్రతి రంధ్రంలోంచి వెలుగు కనిపించాలి. నాజిల్ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ ఒకసారి వేలితో నొక్కి చూడండి. గట్టిపడి, పగుళ్లు కనిపిస్తే మార్చేయాలి, ఆ పగుళ్లలోనే పాలు దాక్కుంటాయి. కొందరు పిల్లలు సులువని రాత్రంతా పైపును గ్లాసు నీళ్లలో ముంచి వదిలేస్తున్నారు. అది పెద్ద పొరపాటు. మిషన్ చల్లారే కొద్దీ ఆ పాల నీళ్లు పైపు గుండా బాయిలర్ దాకా పోయే ప్రమాదం ఉంది. లోపలికి గాలి పీల్చుకొని ఈ లాగుడును ఆపే చిన్న వాల్వు బాయిలర్ మీద ఉంటుంది గాని, అది సున్నం పట్టి ఇరుక్కుపోయిన మిషన్లు నేను చాలా చూశాను. ఒకసారి బాయిలర్‌లోకి పాలు పోతే ఆ వాసన పోగొట్టడానికి రోజంతా పడుతుంది.

మీట నొక్కితే పాలు, కాఫీ అన్నీ తానే కలిపి ఇచ్చే ఆటోమేటిక్ మిషన్ల విషయంలో మీరు మరీ నిశ్చింతగా ఉన్నారు. అసలు భయపడవలసింది అక్కడే. స్టీమ్ పైపు మీద పెంకు కంటికి కనిపిస్తుంది, ఈ మిషన్లో పాలు పీల్చే సన్నని గొట్టం లోపల ఏముందో కనిపించదు. ఆవిరి వేగంగా పోతూ పక్క గొట్టంలోంచి పాలను, సూదిమొన అంత రంధ్రంలోంచి గాలిని లాక్కొని రెండింటినీ కలిపితే నురుగు అవుతుంది. ఆ గాలి రంధ్రంలో ఒక్క పాలచుక్క ఎండినా పాలు వేడిగా, బోడిగా వస్తాయి. ఒకచోట ఇట్లాంటి ఫిర్యాదు మీద పోయినప్పుడు గొట్టాన్ని తీసి బ్లేడుతో నిలువునా కోసి బల్ల మీద పరిచాను. తెల్లగా ఉండవలసిన గోడ మీద ఒక కొస నుంచి మరో కొస దాకా బూడిద, పసుపు కలిసిన జిగట పొర ఉంది, గోటితో గీస్తే మీగడలా చుట్ట చుట్టుకుంది. యజమాని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత తన పిల్లలకు కూడా రోజూ ఈ మిషన్ పాలే తీసుకుపోతున్నానని చెప్పాడు.

ఆ మిషన్ తెర మీద శుభ్రం చేయమనే సూచన రోజూ వస్తూనే ఉందట. రద్దీలో ఉన్న పిల్లవాడు దాన్ని వాయిదా వేసే మీట నొక్కి పని కానిస్తున్నాడు. దయచేసి ఆ సూచనను వాయిదా వేయనివ్వకండి. పని ముగిసిన ప్రతిసారీ గొట్టం కొసను పాల డబ్బాలోంచి తీసి మంచినీళ్లలో పెట్టి కడిగే కార్యక్రమం నడపాలి. రాత్రికి శుభ్రం చేసే మందు కలిపిన నీళ్లతో, ఆ వెనుక మంచినీళ్లతో నడపాలి. మిగిలిన పాలను గొట్టంతో సహా ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందనుకోవద్దు. గొట్టం చవకైనది, రంగు మారినా, బిరుసెక్కినా పారేసి కొత్తది వేయండి. ఆఫీసుల్లో, క్యాంటీన్లలో పెట్టే పొడిపాల మిషన్లలోనూ కలిపే గిన్నె, తిప్పే చక్రం రోజూ తీసి కడగాలి. ఆవిరి తడికి పాలపొడి అక్కడ పిండిముద్దలా గట్టిపడుతుంది.

క్యాటరింగ్ సోదరులకు విడిగా ఒక మాట. పోయిన మాఘమాసంలో మా అన్న బిడ్డ పెళ్లి ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మా అమ్మకు కాఫీ అంటే ప్రాణం. కౌంటర్ దగ్గర నేనే గ్లాసు తెచ్చి ఇస్తే ఒక్క గుక్క తాగి, "పాలు పలిగినట్టున్నయి బిడ్డా" అని పక్కన పెట్టేసింది. వెనక్కి పోయి చూశాను. పాలు మంచివే, అప్పుడే డబ్బా విప్పారు. స్టీమ్ పైపు మాత్రం వెనుకటి పెళ్లి పాలతో, అంతకు ముందటి పెళ్లి పాలతో పొర మీద పొర వేసుకొని మొద్దుబారి ఉంది. పైపును ముంచి కడుగుతున్న బకెట్లో నీళ్లు కాఫీ రంగులో ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి మార్చలేదట. ఒక ముహూర్తానికి వెయ్యి మంది వస్తారు, వారిలో ముసలివారు, చంటిపిల్లల తల్లులు, నిండు చూలాళ్లు ఉంటారు. మిషన్‌ను గోదాములో పెట్టే ముందు ఒకసారి, పెళ్లికి తెచ్చాక మంట వెలిగించే ముందు ఇంకోసారి నాజిల్ విప్పి కడగండి. బకెట్ నీళ్లు గంటకోసారి మార్చండి. మీ మిషన్లు గ్యాస్ మంట మీద నడిచే బాయిలర్లు కనుక ఇంకొకటి: పైపు పూడుకుపోయినప్పుడు కొందరు మంట పెంచి ఆవిరిని తోసేయాలని చూస్తారు. అట్లా ఎన్నడూ చేయవద్దు. సేఫ్టీ వాల్వు కూడా సున్నం పట్టి ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. మంట ఆపి, చల్లారనిచ్చి, విప్పి సాఫు చేయండి.

సున్నం మాట వచ్చింది కాబట్టి నీళ్ల గురించీ చెబుతాను. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల నుంచి శుద్ధి అయి వచ్చే నల్లానీళ్లకూ మన రాతినేల బోరునీళ్లకూ చాలా తేడా ఉంటుంది. చాలా బోర్ల నీళ్లలో సున్నం ఎక్కువ, వేడి తగిలితే అది తెల్లటి పొరగా గోడలకు పడుతుంది. ఆ పొర పాలరాయికి పునాది అవుతుంది. బోరునీళ్లు వాడేవారు సున్నం తీసే ఫిల్టరు పెట్టుకోవాలి, మిషన్ పుస్తకంలో చెప్పిన గడువు ప్రకారం నిమ్మ ఉప్పులాంటి మెత్తని ఆమ్లంతో పొర కరిగించాలి. బాత్రూములు కడిగే యాసిడ్ పోసిన మిషన్లు నా దగ్గరికి వచ్చాయి. అది స్టీలును గుంటలు పడేట్టు తినేస్తుంది. ఏ ఆమ్లాన్నీ బ్లీచింగ్ పౌడర్‌తో కలపవద్దు, క్లోరిన్ విషవాయువు పుట్టి మూసిన గదిలో మనిషి కుప్పకూలిపోతాడు.

ఇంతదాకా చెప్పినదంతా మీకు తెలిసిన తర్వాత, మీరు కౌంటర్ పిల్లవాణ్ని పిలిచి "రేపటి సంది మంచిగ కడుగు" అంటే నా లేఖ వృథా అయినట్టే. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఒకటుంది: మురికి పైపు ఉన్న ప్రతి దుకాణంలోనూ కడగడానికి సమయం ఇవ్వని యజమాని ఉన్నాడు. పదకొండు గంటల దాకా కాఫీ అమ్మించి, పదకొండుకు షట్టర్ దించుతారు. లైట్లు ఆర్పేస్తారు. పిల్లవాడు ఆఖరి బస్సుకు పరుగెత్తాలి, లేదా ఇంకొకరి బండి వెనుక కూర్చొని ఊరికి పోవాలి. ఆ హడావుడిలో వాడు నాజిల్ విప్పి వెలుతురుకు ఎత్తి చూస్తాడని ఎట్లా అనుకుంటాం? నేను వాళ్లను అడిగినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటే: "సార్ పోయినంక కడిగితే ఆ టైముకు పైసలియ్యరన్నా."

అందుకని నా విన్నపం మీకే. ఆఖరి ఇరవై నిమిషాలు అమ్మకం ఆపి, కడగడానికి కేటాయించండి. ఆ ఇరవై నిమిషాలకూ జీతం లెక్కకట్టండి. బ్రష్షు, పిన్ను, వేరే రంగు గుడ్డలు, శుభ్రం చేసే పొడి, చేతులు కాలకుండా తొడుగులు మీ ఖర్చుతో తెచ్చి మిషన్ పక్కన ఒక డబ్బాలో పెట్టండి. పనిలో చేరిన మొదటి రోజున నాజిల్ విప్పడం, బిగించడం ఎట్లాగో మీరే చేసి చూపండి. మీకు రాకపోతే నేర్చుకొని చూపండి. గోడకు ఒక చిన్న పుస్తకం వేలాడదీసి, ఏ రోజు ఎవరు ఏమి కడిగారో రాయించండి, వారానికి ఒకసారి మీరు దాని మీద సంతకం పెట్టండి. యజమాని చూస్తాడని తెలిసిన పని నిలబడుతుంది.

జిల్లా ఆహార భద్రత అధికారులు ఈ లేఖ చూస్తే వారికీ ఒక మనవి. ఆహారం తగిలే ప్రతి పరికరం శుభ్రంగా ఉండాలని 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద వచ్చిన 2011 లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు చెబుతున్నది. తనిఖీకి వచ్చినప్పుడు మీరు వంటగది, ఫ్రిజ్, నూనె చూస్తున్నారు. కాఫీ మిషన్ బయటికి తళతళలాడుతుంటుంది కాబట్టి దాన్ని దాటిపోతున్నారు. ఇకమీదట నాజిల్ విప్పించి చూడండి. మొదటిసారి జరిమానా వేయడం కంటే ఎట్లా కడగాలో చూపించడం మేలని నా అభిప్రాయం. ఆహార భద్రత సంస్థ ఆధ్వర్యంలో సాగే ఫోస్టాక్ శిక్షణలో పాల పైపు కడిగే పద్ధతిని తెలుగులో, మిషన్ ఎదురుగా పెట్టి, కౌంటర్‌లో పనిచేసే పిల్లలకే నేర్పితే ఇంకా మంచిది.

మీరు ఈ లేఖ చదివిన రోజునే, దుకాణం మూసే ముందు, మిషన్ ఆపి పైపు చల్లారనిచ్చి నాజిల్‌ను మీ చేత్తోనే విప్పండి. తెల్ల కాగితం మీద పెట్టి పిన్నుతో పొడిచి చూడండి. ఏమీ రాకపోతే ఆ కౌంటర్ పిల్లవాణ్ని మెచ్చుకోండి. ఏమైనా వస్తే మిషన్‌ను మరునాడు పొద్దున అమ్మకానికి వాడే ముందే కడిగించండి. చేతకాకపోతే నన్నే కాదు, పట్టణంలో ఏ మెకానిక్‌ను పిలిచినా వస్తాడు. నా మట్టుకు నేను, పైపు ఎట్లా కడగాలో మీ పిల్లలకు చూపించడానికి వస్తే కూలీ తీసుకోను. పొద్దున పది గంటల లోపు, రద్దీ లేని వేళ చెప్పండి, వస్తాను.

ఇట్లు,
మీ మిషన్లు బాగుచేసే మెకానిక్,
హన్మకొండ